జ్ఞానియా, జడుడా?

సముద్రగర్భమున అనాసపండునే యిల్లుగా చేసికొని కాపురముండు పసుపుపచ్చని స్పాంజి యొకడు కలడు. వాని పేరు స్పాంజ్‌బాబ్ స్క్వేర్‌పాంట్స్. అమెరికాలోని నికలోడియన్ అను టెలివిజను సంస్థవారు 1999వ సంవత్సరము మే 1వ తేదీన వానిని మొదట లోకమునకు చూపిరి. నాడు ఊయలలో నుండిన బిడ్డలు నేడు బిడ్డల తల్లులైరి. వాడు మాత్రము ఆ నలుచదరపు మేనితో, ఆ పొట్టిలాగుతో, ముందుకు పొడుచుకొని వచ్చిన ఆ రెండు పండ్లతో, ప్రతి యుదయమును తాను సిద్ధముగా నున్నానని కేకవేయుచు పనికి పరుగెత్తుచునే యున్నాడు.

వానిని చూచి పిల్లలు నవ్వుదురు, అది సహజము. పెద్దలలో మాత్రము రెండు పక్షము లేర్పడినవి. వీడు పైకి వెర్రివానివలె నున్నను లోపల గొప్ప జ్ఞాని, సంతోషమునకు మూలమును కనుగొని దాచుకొన్నవాడు అని యొక పక్షము. వీనికి ఏమియు తెలియదు, తెలియదు గనుకనే నవ్వుచున్నాడు, తెలిసినచో ఏడ్చును అని రెండవ పక్షము. బొమ్మనుగూర్చి యింత వాదమా యని చదువరులు నవ్వుదురేమో. బొమ్మ మాట యటుండనిండు. ఈ ప్రశ్ననే మనము బ్రతికియున్న మనుష్యులనుగూర్చియు వేయుచున్నాము. దానికి మనకు మనమే చెప్పుకొను సమాధానమును బట్టి యింటిలో కొందరికి అన్నము పెట్టు తీరును, కొందరితో మాటలాడు తీరును మారుచున్నవి. కావున ఈ స్పాంజి చరిత్రమును కొంచెము నిదానించి చూచుట వ్యర్థము కాదని నా నమ్మకము.

వీని సృష్టికర్త స్టీఫెన్ హిల్లెన్‌బర్గ్. ఆయన మొదట పిల్లలకు పాఠము చెప్పినవాడని తెలిసినప్పుడు నాకు కొంత కులాభిమానము వంటిది కలిగినదని ఒప్పుకొనెదను. బడిపంతుళ్లదియు నొక కులమే గదా! 1980 తరువాతి యేండ్లలో ఆయన కాలిఫోర్నియాలోని డేనా పాయింట్ అను సముద్రతీర పట్టణమున, సముద్రవిజ్ఞానము బోధించు నొక సంస్థలో ఉపాధ్యాయుడు. పోటుపాటుల నడుమ రాళ్లసందుల బ్రతుకు జీవులనుగూర్చి పిల్లలకు చెప్పుటకై ఆయన బొమ్మలతో నొక చిన్న పుస్తకము వ్రాసెను. అందు పాఠము చెప్పువాడు బాబ్ అను నొక స్పాంజి. పిమ్మట ఆయన కదలు బొమ్మల విద్య నభ్యసించెను. పుస్తకములోని స్పాంజి తెరమీదికి వచ్చెను. నరములను క్షీణింపజేయు వ్యాధితో ఆయన 2018వ సంవత్సరము నవంబరు 26వ తేదీన, 57వ యేట మరణించెను.

కాబట్టి ఆయనకు స్పాంజి యననేమో చక్కగా తెలియును. స్పాంజికి మెదడు లేదు. నరములు లేవు. గుండె లేదు. అది యొకచోట నంటుకొని, ఒంటినిండ నున్న సన్నని రంధ్రములగుండ నీటిని లోనికి తీసికొని, అందలి సూక్ష్మమైన ఆహారమును పట్టుకొని, మిగిలినదానిని పైకి వదలివేయును. కొన్నిజాతుల స్పాంజి ఒక్క దినములో తన శరీర పరిమాణమునకు ఎన్నో వేల రెట్ల నీటిని ఇట్లు వడపోయును. వీని పరమమిత్రుడు పాట్రిక్ ఒక నక్షత్రచేప. దానికిని మెదడు లేదు, నోటిచుట్టు వలయముగా నరము మాత్రము కలదు. ఈ యిద్దరి యిండ్లకును నడుమ, ఈస్టరు ద్వీపపు రాతితలను పోలిన యింటిలో, స్క్విడ్‌వర్డ్ కాపురముండును. పేరు వేరుగా నున్నను అతడు ఆక్టోపసు; గీయుట సులభమగుటకు ఎనిమిది చేతులను ఆరుగా తగ్గించిరి. వెన్నెముక లేని జీవులలో ఆక్టోపసునకు మించిన బుద్ధిశాలి లేదు. దాని యొంటిలో నరకణములు సుమారు 50 కోట్లు. మెదడు లేని రెండు ప్రాణుల నడుమ మెదడు గల ప్రాణిని కాపురము పెట్టి, దుఃఖమంతయు నా మెదడు గలవానికే యప్పగించినాడు. ప్రాణిశాస్త్రము చదివినవాని పరిహాస మిట్లుండును.

స్పాంజ్‌బాబును స్క్విడ్‌వర్డును ఒక్కచోటనే కొలువు చేయుదురు. అది క్రస్టీ క్రాబ్ అను తిండిదుకాణము. యజమాని క్రాబ్స్ అను పీత, పరమలోభి. స్క్విడ్‌వర్డ్ గల్లాపెట్టె యొద్ద కూర్చుండి, తాను గొప్ప సంగీత విద్వాంసుడ ననియు, ఈ కొలువు తన ఖర్మ మనియు తలపోయుచుండును. అతని క్లారినెట్టు వాదనము వినలేక జనులు పారిపోదురు. స్పాంజ్‌బాబు లోపల పెనముకడ నిలువబడి బర్గరులు కాల్చును. ఆ పని వానికి పూజవంటిది. తోటివాడు వానిని మొగముమీదనే తిట్టును. వాడు దానిని చమత్కారముగా గ్రహించి మరింత దగ్గరకు జరుగును. నీవు నాకు మిత్రుడవు కావని చెప్పినను వాని చెవికెక్కదు.

జ్ఞానియను పక్షమువారు చూపు సాక్ష్యములు కొన్ని యున్నవి. అవి తేలికగా త్రోసివేయదగినవి కావు. 2000వ సంవత్సరపు కథ యొకదానిలో స్క్విడ్‌వర్డ్ పారవేసిన కాగితపు ముక్కను వీడడిగి తీసికొని దినమంతయు ఆడుకొనును. చూచి చూచి స్క్విడ్‌వర్డునకు ఆశ పుట్టి, ఇంటిలోని సామానంతయు వాని కిచ్చివేసి ఆ కాగితమును తిరిగి సంపాదించును. చేతికి వచ్చిన పిమ్మట అది వట్టి కాగితము. 2002వ సంవత్సరపు మరియొక కథలో వీడును పాట్రిక్కును పెద్ద టెలివిజను పెట్టెను తెప్పించుకొని, టెలివిజనును బయట పారవేసి, అది వచ్చిన అట్టపెట్టెలో కూర్చుందురు. లోపలినుండి హిమపాతపు ఉరుములు, ఓడల మ్రోతలు వినవచ్చును. స్క్విడ్‌వర్డ్ మూత తెరచి చూచిన అట్టపెట్టె తప్ప వేరేమియు లేదు. ఆ రాత్రి అతడు దొంగతనముగా పోయి అందులో కూర్చుండగా, చెత్తబండివారు పెట్టెతో సహా కొనిపోయిరి. మూడవది నాకు, ఉపాధ్యాయుడ నగుటచేత, కొంచెము గ్రుచ్చుకొనునది. స్క్విడ్‌వర్డ్ చిత్రకళ బోధింప పూనగా వచ్చిన శిష్యుడు వీ డొక్కడే. వీడు నియమము లెరుగకయే చక్కని వలయము గీయును, పాలరాతిని ఉలితో నొక్కదెబ్బ వేసి శిల్పముగా విడదీయును. గురువు అసూయతో పుస్తకమందలి నియమములు నేర్పెను. నేర్చిన వెనుక వీని చేతికి ఏ విద్యయు రాలేదు.

ఈ కథలు చూచినవారు వీనిని యోగి యనుటలో వింత లేదు. కలిమిలేములు వీనికి సమానము, ఆట్టే కోరికలు లేవు, ఉన్నదానితో తృప్తి. అయినను నాకొక సందేహము. టెలివిజనును పారవేయుట త్యాగమా? వానికి కావలసినది పెట్టె. అక్కరలేనిది లోపలి వస్తువు. అక్కరలేనిదానిని వదలుకొన్నవానికి వైరాగ్య మంటగట్టుట యెట్లు? రాగము కలవానికే గదా వైరాగ్యము! మూడేండ్ల పిల్లవాడు వెండిగిన్నెను త్రోసివేసి కొబ్బరిచిప్పతో నాడుకొనును. వానిని చూచి ముచ్చటపడుదుము గాని పీఠము వేసి కూర్చుండబెట్టి ఉపదేశము కోరము. వివేకమనగా రెండు వస్తువుల వెలయు తెలిసి ఒకదానిని వదలుట. ఈ స్పాంజి వెల కట్టినవాడు కాడు.

సంస్కృతము చదివినవారు వెంటనే జడభరతుని జ్ఞాపకము తెత్తురు. భాగవతము పంచమస్కంధమున నున్న ఆ కథ యెల్లరు నెరిగినదే. పూర్వజన్మమున లేడిపిల్లపై మమకారము పెంచుకొని చెడిన రాజు, ఆ స్మృతి చెడక, బ్రాహ్మణుని యింట పుట్టి, మరల సంగమున చిక్కుకొందునేమో యను భయమున మందమతివలె తిరుగుచుండెను. తిట్టినను కొట్టినను కిమ్మనడు. రహూగణ మహారాజు పల్లకి మోయు బోయీలలో నొకడు తక్కువపడగా ఇతనిని పట్టి తెచ్చి బొంగు భుజమున పెట్టిరి. పల్లకి కుదుపులు పడసాగెను. రాజు ఎత్తిపొడుపు మాటలాడెను. కుదుపున కేమి కారణము? కాలిక్రింద చీమ నలుగకుండ ఇతడు చూచి చూచి యడుగు వేయుచున్నాడు. ఆ కుదుపునందే ఆయన జ్ఞానము బయటపడినదని నా యభిప్రాయము. తరువాత రాజుతో చెప్పిన వేదాంతము దానికి వ్యాఖ్య మాత్రమే. మరియొక సంగతి. రాజు పల్లకి దిగి వినయముతో ప్రశ్నించినంతనే ఆ మూగవాడు నోరు విప్పెను. దాచిన జ్ఞానము తగినవా డడిగినప్పుడు పలుకును.

స్పాంజ్‌బాబును ఎవరు ఎట్లడిగినను లోపలినుండి వేరొకడు పలుకడు. ఇంకొక నిదర్శనము చూడుడు. నటించువాడు ఒంటరిగా నున్నప్పుడు వేషము తీసి విశ్రమించును. వీనిని మన మనేక పర్యాయములు ఒంటరిగా చూచుచున్నాము. పెంపుడు నత్త తప్ప వేరెవరు లేని యింటిలో. అక్కడను వాడు వాడే. అదే నవ్వు, అదే కేక. లియరు రాజు వెంట తిరుగు విదూషకుని మాటలో ముల్లుండును. మృచ్ఛకటికమందలి మైత్రేయుడు తిండిపోతువలె నవ్వించుచునే మిత్రుని దారిద్ర్యమును మనకు గుర్తుచేయుచుండును. వారు తెలిసి నవ్వించువారు. వీడు చెప్పినది నవ్వు పుట్టించునదని వీనికే తెలియదు. కావున రహస్యజ్ఞాని యను బిరుదు వీనికి చెల్లదు.

అట్లయిన రెండవ పక్షమే గెలిచినదా? అదియు లేదు. ఏమియు తెలియనివాడైనచో వీడు ఏడువరాదు. వీడు ధారాళముగా ఏడ్చును. 2004వ సంవత్సరమున వచ్చిన చలనచిత్రములో క్రొత్త దుకాణమునకు పెద్దగుమాస్తా పదవి తనకే వచ్చునని నమ్మియుండగా, నీవింకను పిల్లవాడవని చెప్పి యజమాని దానిని స్క్విడ్‌వర్డున కిచ్చెను. ఆ మాట వానికి సూటిగా తగిలెను. వీనికి ధర్మాధర్మ వివేచనయు కలదు. 1999వ సంవత్సరపు కథలో పడవ నడపు పరీక్ష వీనికి కొరుకుడు పడదు. ప్రశ్నలకు సమాధానములన్నియు నోటికి వచ్చును గాని చుక్కాని చేతికి రాగానే కంగారుపడి చెడును. పాట్రిక్ దూరమునుండి రేడియోలో చెప్పుచుండగా వీడు చక్కగా నడపెను. ఇది మోసమని తట్టిన క్షణమున చేతులు వణకి మరల చెడెను. మోసముచేసి గెలుచుట కంటె ఓడుట మేలని వీడు తర్కించినవాడు కాడు, ఒడలే ఒప్పుకొనలేదు. చెప్పి వచ్చు మంచితన మొకటి, చెప్పకయే వచ్చు మంచితన మొకటి. రెండవదానికి మన శాస్త్రములలో సంస్కార మను పేరున్నది. అది జ్ఞానము కాదు, అజ్ఞానమును కాదు.

కాబట్టి వీని తెలియనితనమునకు ఒక రూపమున్నది. ఇతరులు తనను చులకన చేయుట వీనికి కానరాదు. ఇతరులు బాధపడుట వెంటనే కానవచ్చును. ఆ బాధకు తానే కారణమని మాత్రము కానరాదు. ఈ మూడవదానిని వీని యభిమానులు మాటలో పెట్టరు. స్క్విడ్‌వర్డునకు నిద్ర లేదు, సెలవుదినము లేదు, తలుపు మూసికొను స్వాతంత్ర్యము లేదు. అన్నిటికిని ఈ ప్రేమస్వరూపుడే మూలము. పడవ నడపుట నేర్పు పఫ్ అను పంతులమ్మ వీనిని వదలించుకొనలేక 2001వ సంవత్సరపు కథలో పది మాటల వ్యాసమొకటి వ్రాయించి, దానికే మార్కులు వేసి, లైసెన్సు చేతిలో పెట్టి పంపివేసెను. (నా తోడి యుపాధ్యాయులు నవ్వకుందురుగాక! ఏడేడు నొకే తరగతిలో కూర్చుండు పిల్లవానిని పై తరగతికి నెట్టి నిట్టూర్చుట మన మెరుగని విద్య కాదు.) వాడు నిజముగనే పడవ నెక్కి వీథిలోనికి పోవుచున్నాడని తెలిసినప్పుడు ఆమెకు చెమటలు పట్టెను. మంచిమనసు గలవాడు నడపినంత మాత్రమున బండి క్రింద పడినవాడు బ్రతుకునా? అమాయకత్వమును అహింసయు ఒకటే యని భ్రమించువారు ఈ కథ నొకసారి చూడవలెను.

ఇక నీ అమాయకత్వము ఎవరికి లాభించుచున్నది? యజమాని క్రాబ్స్‌నకు. అంత తక్కువ జీతమునకు అంత సంతోషముతో పనిచేయు సేవకుడు మూడు సముద్రములు వెదకినను దొరకడు. 2003వ సంవత్సరపు కథలో ఆ పీత వీని ఆత్మను 62 సెంట్లకు ఒక దయ్యమున కమ్మివేసినాడు, అరవైరెండు! 2001వ సంవత్సరపు కథలో ఊపిరి పీల్చినందుకును ఊరక నిలుచున్నందుకును రుసుము పట్టగా స్క్విడ్‌వర్డ్ సమ్మె కట్టెను. వీడును వెంట నడచెను, సమ్మె యననేమో తెలియకయే. వ్యవస్థను కూలద్రోయవలెనని స్క్విడ్‌వర్డ్ ఆవేశముతో నన్న మాటను వీడు ఉన్నదున్నట్లు గ్రహించి, ఆ రాత్రియే దుకాణపు గోడలను కూలద్రోసెను. అప్పటికే రాజీ కుదిరియుండెను. నష్టము తీరువరకు, అనగా ఎన్నటికిని, ఇద్దరును ఊరక పనిచేయవలసి వచ్చెను. అన్యాయమును గుర్తింపలేనివాడు ఉద్యమమున చేరినను యజమానికే మేలు కలుగునని ఈ కథ చెప్పుచున్నది. ఇంతకంటె కఠినముగా రాజకీయ వ్యాసమును వ్రాయుట కష్టము.

ఇప్పుడు మన యిండ్లలోనికి రండు. "మా చిన్నకోడలు వట్టి వెర్రిబాగులది. తెల్లవారుజామున లేచినది మొదలు చాకిరి చేయుచునే యుండును, ఎవరేమన్నను నవ్వియూరకుండును, మనసున పెట్టుకొనదు" అని మెచ్చుకొను అత్తలను మీరు చూచియుందురు. "మా మేనత్తకు కోరికలే లేవు. ఏది పెట్టిన నది తినును. ఆమె నిజముగా జ్ఞాని" యని చిన్ననాడే భర్తను పోగొట్టుకొని పుట్టినింట వంటచేయుచు ముసలిదైన స్త్రీని పొగడు మేనల్లుండ్రను చూచియుందురు. ఒకరి నోట వెర్రిబాగులతనము, ఒకరి నోట జ్ఞానము. ఫలితము మాత్రము రెండుచోట్లను ఒక్కటే. చిన్నకోడలికి మధ్యాహ్నమున నడుము వాల్చు తీరిక రాలేదు. మేనత్తను నీకేది యిష్టమని ఎవరును అడుగలేదు. జ్ఞాని యన్నచో మనము జాలిపడ నక్కరలేదు; జడురాలన్నచో సిగ్గుపడ నక్కరలేదు. నిజమునకు ఈ రెండు తీర్పులును ఒకే న్యాయస్థానమునుండి వచ్చినవి. అచ్చట ముద్దాయియు మనమే, న్యాయాధిపతియు మనమే.

కాలము మారినదని కొందరందురు. మారినది. చిన్నకోడలు నేడు ఉద్యోగము కూడ చేయుచున్నది. ఇంటికి వచ్చి నవ్వుచునే వంటయింటిలోనికి పోవుచున్నది. దుకాణములలో, ఆసుపత్రులలో, విమానములలో నవ్వుటయే కొలువులో భాగమైనది. ఇంటింటికి సరకు మోసికొని వచ్చు కుర్రవాడు మెట్లెక్కి ఆయాసపడుచునే నవ్వవలెను, లేనిచో మనము వానికి ఇచ్చు చుక్కలు తగ్గును. ఆ నవ్వు వెనుక నేమున్నదని విచారింప మనకు తీరిక లేదు. సంతోషముగనే యున్నాడని నమ్ముట సుఖము.

తరగతిగదిలో నిట్టి బాలుడు ఏటేట నొకడుండును. తోడివారు వానికి మారుపేరు పెట్టుదురు. పిలిచిన పలుకును, నవ్విన తానును నవ్వును. వాడెరుగునా, ఎరుగడా యని ఉపాధ్యాయులము విశ్రాంతివేళ టీ త్రాగుచు చర్చించుటయు కలదు. "వాడికేమి, దులుపుకొని పోవువాడు" అని ఒకరు, "వాడే మనకంటె తెలివైనవాడు, ఏదియు పట్టించుకొనడు" అని మరియొకరు. ఇరువది యేండ్ల కొలువులో ఈ ప్రశ్నకు నాకు సమాధానము దొరకినచోటు ఖాళీ తరగతి. సాయంకాలము గంట కొట్టిన పిమ్మట ఒక బాలుడు, ఎవరును లేరని తలచి, బల్లమీద ఎవరో సూదిమొనతో చెక్కిన తన మారుపేరును బ్లేడుముక్కతో గీకుచుండెను. మెల్లగా, ఒక్కొక్క అక్షరము. నేను వసారాలోనుండియే వెనుకకు మరలితిని. మరునాటి యుదయమున ఎవరో ఆ పేరుతోనే పిలువగా వాడు ఎప్పటివలె నవ్వుచు పలికెను.

వాడు జ్ఞానియు కాడు, జడుడును కాడు. అంతయు తెలిసినవాడు, తెలిసినదానికి తాను చెల్లింపగల ధరలలో నవ్వే చౌకయైనదని లెక్కచూచుకొన్నవాడు. స్పాంజికిని వానికిని భేదము ఆ ఖాళీ తరగతిలో నున్నది. స్పాంజి ఒంటరిగా నున్నప్పుడు దేనిని గీకడు. వానిని బండి నలిపినను మరుక్షణము ఉబ్బి యథారూపము నొందును; గీయబడిన ప్రాణి గనుక మాట పడుట వానికి తగును. వానిని చూచి నవ్వుట పాపమని నేననను. మేము ఇంటిల్లిపాదియు నవ్వుచునే యున్నాము. ఆ నవ్వును వెంటబెట్టుకొని బ్రతికియున్నవారి యొద్దకు పోయి, వీరును అట్టివారే యని తీర్పు చెప్పుటయే నాకు రుచింపదు.

స్క్విడ్‌వర్డును గూర్చి ఒక మాట చెప్పక ముగించుట అన్యాయము. ఇంతసేపును అతనిని తెలిసినవాడని యంటిమి. అతనికి తెలిసినదేమి? యజమాని లోభియని, కొలువు నీచమని, పొరుగువాడు మూర్ఖుడని. ఇవి యన్నియు నిజములే. ఆ నిజములు అతని నేమి చేసినవి? 2001వ సంవత్సరపు కథలో అతడు ఈ పొరుగు వదలి, అందరును తనవంటివారే యుండు ఊరికి పోయి స్థిరపడెను. అచ్చట ఎల్లరికిని క్లారినెట్టు వచ్చును, ఎల్లరును మర్యాదస్థులు, ఒకరినొకరు విసిగింపరు. కొన్నాళ్లకే అతనికి ఊపిరాడలేదు. తుదకు స్పాంజ్‌బాబువలెనే పిచ్చిపనులు చేసి ఆ యూరి పెద్దమనుష్యులచేత చీవాట్లు తినెను. లోకపు లోపములను తెలిసికొనుట జ్ఞానములో సగము కూడ కాదని నేను తలంతును. అయినను ఆ సగములో సగమైనను లేనివానికి స్పాంజి గతియే పట్టును, యజమాని యెంతకమ్మిన నంతకు అమ్ముడుపోవలెను. వారిద్దరిని ఒకరి ప్రక్క నొకరిని ఇల్లు కట్టించి కూర్చుండబెట్టుట ఆ యుపాధ్యాయుని బుద్ధివిశేషము.

ఈ వరుసలో అన్నిటికంటె నాకు నచ్చినది మొదటి సంవత్సరము నాటి కథ. దుకాణము మూయువేళ ఎవరో పిజ్జా కావలెనని కోరిరి. ఆ దుకాణమున పిజ్జాలు చేయరు. అయినను లోభి డబ్బు వదలునా? ఉన్న బర్గరులనే నలిపి పిజ్జాగా మార్చి, ఈ యిద్దరిని పంపెను. దారిలో పడవ చెడెను, గాలివాన వచ్చెను, ఆకలి వేసెను. స్క్విడ్‌వర్డ్ ఆ పిజ్జాను తినివేయుదమనెను. అది కొన్నవానిదని స్పాంజ్‌బాబు ముట్టనీయలేదు. తెల్లవారులు నడచి తుదకు ఆ యింటి తలుపు తట్టిరి. గృహస్థు తాను పానీయమును కూడ కోరితినని, అది లేదు గనుక పిజ్జా అక్కరలేదని చెప్పి తలుపు మూసెను. స్పాంజ్‌బాబు గడపకడ నిలువబడి వెక్కి వెక్కి యేడ్చెను.

స్క్విడ్‌వర్డ్ కొంతసేపు చూచెను. రాత్రియంతయు తన్ను చంపుకొని తిన్నవాడు వీడే. అయినను అతడు పిజ్జా పెట్టెను తీసికొని మరల ఆ తలుపు తట్టి, గృహస్థు తెరవగానే దానిని వాని మొగమున కొట్టి, వెనుకకు వచ్చెను. వాడు మనసు మార్చుకొన్నాడా యని స్పాంజ్‌బాబు కన్నీళ్లతో నడిగెను. మార్చుకొన్నాడు, మొత్తము నొక్క కబళమున మ్రింగినాడని స్క్విడ్‌వర్డ్ చెప్పెను. పానీయము లేకయేనా? లేకయే. ఆ అబద్ధమును వీడు సంపూర్ణముగా నమ్మి ముఖము విప్పార నవ్వెను. ఇక నన్నింటికి చేర్చుమని స్క్విడ్‌వర్డ్ యడిగెను. ఇంటికెట్లు, మన మిప్పుడు పనికి పోవు వేళయైనది గదా యని స్పాంజ్‌బాబు మహానందముతో జ్ఞాపకము చేసెను.